ఐదు ఫ్యాన్లు గాలిని బయటికి తోస్తుంటే లోపలికి వచ్చేదెలా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ క్యాబినెట్‌కు ముందు వైపు మూడు, పైన రెండు, వెనక ఒకటి, మొత్తం ఆరు ఫ్యాన్లు ఉన్నాయి. అన్నీ 120 మిల్లీమీటర్లవే. వేడి బయటికి పోవడమే ముఖ్యం కదా అని ముందు వైపు అడుగున ఉన్న ఒక్కదాన్ని మాత్రం లోపలికి గాలి తెచ్చేలా, మిగిలిన ఐదింటినీ బయటికి తోసేలా బిగించాను. అయినా గేమ్ మొదలుపెట్టిన అరగంటకు గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలు చూపిస్తోంది. పక్కనున్న అద్దం తలుపు తీసేస్తే 73కు దిగుతోంది. లోపల దుమ్ము కూడా త్వరగా పేరుకుంటోంది. పై ఫ్యాన్లు రెండింటినీ లోపలికి తిప్పమని మా తమ్ముడు అంటున్నాడు. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి అవి బయటికే ఉండాలని నేనంటున్నాను. ఎవరి మాట సరైనది? ఫ్యాన్‌ను విప్పకుండా వైర్లు తారుమారు చేసి దిశ మార్చవచ్చా?

సమాధానం: వైర్ల సంగతి ముందు చెబుతాను. దయచేసి ఆ పని చేయకండి. క్యాబినెట్ ఫ్యాన్లలో ఉండేది బ్రష్‌లు లేని డీసీ మోటారు. అది ఎటు తిరగాలో లోపలున్న చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ నిర్ణయిస్తుంది. ప్లస్, మైనస్ తారుమారు చేసినంత మాత్రాన రెక్కలు వెనక్కి తిరగవు. ఫ్యాన్ ఆగిపోవచ్చు, సర్క్యూట్ కాలిపోనూ వచ్చు. దిశ మార్చాలంటే నాలుగు స్క్రూలు విప్పి, ఫ్యాన్‌ను తిరగేసి మళ్లీ బిగించాలి. అంతకుమించి పని లేదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట పక్క తలుపు గురించి రాసినది. తలుపు తీయగానే 11 డిగ్రీలు దిగిందంటే వేడి బయటికి పోవడానికి దారి చాలడం లేదని కాదు, చల్లని గాలి లోపలికి రావడానికి దారి లేదని అర్థం. మీ గ్రాఫిక్స్ కార్డు గాలికి మొహం వాచి ఉంది. తలుపు తీసినప్పుడు దాని ఫ్యాన్లకు గదిలోని గాలి నేరుగా అందింది, మూసేయగానే మళ్లీ కరువొచ్చింది. అదనంగా మరో ఫ్యాన్ కొని పెట్టినా ఈ తేడా పోదు. దిశలు మారిస్తే చాలావరకు పోతుంది.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, ఒక చోటి నుంచి మరో చోటికి జరుపుతుంది. క్యాబినెట్ నుంచి ఎంత గాలి బయటికి పోతుందో సరిగ్గా అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి వచ్చి తీరాలి. ఒక ఫ్యాన్ తెచ్చేదాన్ని ఐదు ఫ్యాన్లు తోసేయాలనుకుంటే మిగిలిన గాలి సందుల్లో నుంచి దూరి వస్తుంది. వెనక కార్డు స్లాట్ల చిల్లులు, పలకల అతుకులు, యూఎస్‌బీ రంధ్రాల అంచులు, ఇలా ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి. వాటికి ఫిల్టర్లు ఉండవు. మీ దుమ్ము సమస్యకు మూలం అదే. ఒకసారి కంప్యూటర్ ఆపి, టార్చి వేసి వెనక స్లాట్ల చిల్లులను దగ్గరగా చూడండి. చిల్లుల అంచుల మీద బూడిదరంగు నూగు లోపలి వైపుకు వాలి అతుక్కుని ఉంటే, గాలి అక్కడి నుంచి లోపలికి దూరుతున్నట్టే. ఇందులో ఇంకో నష్టమూ ఉంది. వెనక ఫ్యాన్ బయటికి తోసిన వేడి గాలి అక్కడే గోడకు, క్యాబినెట్‌కు మధ్య తచ్చాడుతుంది. అదే గాలి ఆ చిల్లుల గుండా మళ్లీ లోపలికి, నేరుగా గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వస్తుంది.

మీ అమరికలో దీనికంటే పెద్ద తప్పు ముందు వైపు ఉంది. అక్కడ అడుగు ఫ్యాన్ లోపలికి పీలుస్తోంది, దాని మీద ఉన్న రెండూ బయటికి ఊదుతున్నాయి. ఈ మూడింటి ముందూ ఒకటే పలక, ఆ పలక వెనక రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ. అడుగు ఫ్యాన్ మీదున్న ఆ రెండు ఫ్యాన్లు ఊదిన వేడి గాలి పలకకు తగిలి, ఆ ఖాళీలోనే కిందికి దిగి, అడుగు ఫ్యాన్ నోట్లో పడుతుంది. అంటే మీకున్న ఒకే ఒక్క ప్రవేశ ద్వారం నుంచి వస్తున్నది కూడా పూర్తిగా గది గాలి కాదు, అందులో కొంత మీ కంప్యూటర్ వదిలిన గాలే. ఒకే ముఖం మీద కొన్ని ఫ్యాన్లు లోపలికి, కొన్ని బయటికి పెట్టడం ఏ క్యాబినెట్‌లోనూ మంచిది కాదు. ఇతర విషయాల్లో సర్దుబాట్లు ఉంటాయి గాని, ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు చెప్పను.

ఎంత గాలి కావాలో ఓ లెక్క చూడండి. గేమ్ ఆడుతున్నప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి క్యాబినెట్‌లోకి 300 వాట్ల వేడి వదులుతున్నాయనుకుందాం. క్యాబినెట్ గుండా నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి నిజంగా ప్రవహిస్తే, బయటికి పోయే గాలి లోపలికి వచ్చిన గాలి కంటే దాదాపు 10 డిగ్రీలు వేడిగా ఉంటుంది. ప్రవాహం 100 ఘనపుటడుగులైతే ఆ తేడా 5 డిగ్రీలు. 25కు పడిపోతే 20 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ డబ్బా మీద 60 అనో 70 అనో రాసి ఉండే సంఖ్యను చూసి మోసపోకండి. అది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు కొలిచినది. ముందు ఫిల్టర్, జాలీ, పలక చేరేసరికి అందులో చాలా భాగం పోతుంది. ఈ లెక్కలోనే ఇంకో మాట కూడా ఉంది. 25 నుంచి 50కి పెంచితే పదికి పైగా డిగ్రీలు కలిసొస్తాయి, 50 నుంచి 100కు పెంచితే ఐదే. అందుకే గాలి ఆడని క్యాబినెట్‌లో దిశ సరిచేయడం వల్ల వచ్చే లాభం, బాగా ఆడుతున్న క్యాబినెట్‌లో ఇంకో ఫ్యాన్ కలపడం వల్ల రాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. ముందున్న మూడు ఫ్యాన్లనూ లోపలికి గాలి తెచ్చేలా పెట్టండి. వెనకది బయటికే ఉండనివ్వండి. పై రెండింటిలో వెనక గోడకు దగ్గరగా ఉన్నదాన్ని బయటికి తోసేలా ఉంచండి. ముందు వైపుకు ఉన్న పై ఫ్యాన్‌ను మాత్రం విప్పేయండి. ఫ్యాన్ తీసేస్తే వేడి ఎలా తగ్గుతుందని సందేహం రావచ్చు. ఆ ఫ్యాన్ ఉన్న చోటు ముందు ఫ్యాన్లకు సరిగ్గా పైన. ముందు నుంచి వచ్చిన చల్లని గాలి ప్రాసెసర్ కూలర్‌ను చేరేలోపే, ఏ వేడినీ మోయకుండానే, అది దాన్ని పైకి లాగి పారేస్తుంది. మీరు తెచ్చిన మంచి గాలిని మీ ఫ్యానే దొంగిలిస్తుందన్నమాట. ఆ రంధ్రం మీద క్యాబినెట్‌తో వచ్చిన పలక ఉంటే మూయండి. లేకపోతే అట్టముక్క అంటించినా సరిపోతుంది.

మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది. లోపలికి వచ్చే గాలి పెంచాలన్న ఆలోచన సరైనదే. ఇప్పుడున్న అమరికలో ఆయన చెప్పినట్టు చేసినా, మూడు లోపలికి మూడు బయటికి అవుతాయి కాబట్టి కొన్ని డిగ్రీలు తగ్గే అవకాశం ఉంది. కానీ పైనుంచి కిందికి ఊదే గాలి, ముందు నుంచి వెనక్కి పోయే గాలి ఒకదానికొకటి అడ్డం పడతాయి. పైన సరైన ఫిల్టర్ లేకపోతే పడే దుమ్మంతా లోపలికే. చివరికి ముందు రెండు ఫ్యాన్లు ఊదిన వేడి అడుగు ఫ్యాన్‌లోకి తిరిగి రావడం అలాగే మిగిలిపోతుంది.

వేడి గాలి పైకి పోతుందన్న మీ నమ్మకం భౌతికశాస్త్రం ప్రకారం తప్పు కాదు. అయితే అర మీటరు ఎత్తున్న పెట్టెలో, చుట్టూ గాలి కంటే పది ఇరవై డిగ్రీలు వేడెక్కిన గాలి తనంతట తాను లేచే బలం చాలా స్వల్పం. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ ముందు కూడా ఆ బలం నిలవదు. ఫ్యాన్ ఎటు తోస్తే గాలి అటే పోతుంది. పైన బయటికి తోసే ఫ్యాన్ పెట్టమని నేను చెబుతున్నది వేడి పైకి పోతుందని కాదు, ప్రాసెసర్ కూలర్ దాటిన గాలికి అది దగ్గర దారి కాబట్టి.

కంప్యూటర్ భాగాలు ఎలా అమర్చాలో చెప్పే ఏటీఎక్స్ ప్రమాణాన్ని 1995లో ఇంటెల్ తెచ్చినప్పుడు, ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) ఫ్యాన్ బయటి గాలిని లోపలికి పీల్చి ప్రాసెసర్ మీదికి ఊదాలన్నది మొదటి ఆలోచన. ఎస్‌ఎంపీఎస్‌లో వేడెక్కిన గాలినే ప్రాసెసర్‌కు ఇవ్వడం దండగని తర్వాత ఆ పద్ధతిని వదిలేసి, దాన్ని బయటికి తోసేలా మార్చారు. ఏ భాగం ముందు, ఏ భాగం వెనక ఉందో చూసి దిశ నిర్ణయించుకోవాలన్నది అప్పటి నుంచీ ఉన్న సంగతే. ఇప్పటి క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ అడుగున ఉండి, కింద నుంచి గాలి తీసుకుని వెనక్కి వదిలేస్తుంది. దాని ఫ్యాన్ కిందికి చూస్తూ ఉండి, అక్కడ ఫిల్టర్ ఉంటే అలాగే ఉంచండి. దాన్ని మిగతా ఫ్యాన్ల లెక్కలో కలపవద్దు. క్యాబినెట్‌ను తివాచీ మీద పెట్టారేమో మాత్రం చూసుకోండి, గాలి దారి మూసుకుపోతుంది.

ఫ్యాన్ విప్పేటప్పుడు ఏ వైపు ఏదో తెలియాలి కదా. మామూలు ఫ్యాన్‌కు ఒక వైపు రెక్కలు పూర్తిగా కనిపిస్తాయి. రెండో వైపు నడిమి మోటారును పట్టుకుని మూడో నాలుగో సన్నని కమ్మీలు చట్రం దాకా ఉంటాయి. వివరాలు రాసిన స్టిక్కర్, వైరు ఎక్కువగా ఈ కమ్మీల వైపే ఉంటాయి. రెక్కలు కనిపించే వైపు నుంచి గాలిని పీల్చి, కమ్మీల వైపుకు వదులుతుంది. కొన్నిటి చట్రం అంచు మీద రెండు బాణం గుర్తులు అచ్చువేసి ఉంటాయి. ఒకటి రెక్కలు తిరిగే దిశ, రెండోది గాలి పోయే దిశ. అయితే ఒక జాగ్రత్త. అద్దాల క్యాబినెట్లు వచ్చాక, అందంగా ఉన్న ముఖమే లోపలి నుంచి కనిపించేలా రివర్స్ రెక్కల ఫ్యాన్లు కూడా వస్తున్నాయి. అవి కమ్మీల వైపు నుంచి పీల్చి, రెక్కలు కనిపించే వైపుకు వదులుతాయి. రంగు దీపాల ఫ్యాన్లయితే కంటిని నమ్మకుండా పరీక్షించండి. పల్చటి కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు చీలికగా చింపి, పై కొనను పట్టుకుని తిరుగుతున్న ఫ్యాన్ జాలీకి అంగుళం దూరంలో వేలాడదీయండి. జాలీకి అతుక్కుంటే అటు నుంచి పీలుస్తోంది, ఎగిరిపోతే అటు ఊదుతోంది. జాలీ లేని ఫ్యాన్ దగ్గర ఈ పరీక్ష చేయకండి, కాగితం రెక్కల్లో చిక్కుకుంటుంది.

క్యాబినెట్ తెరిచినప్పుడే ప్రాసెసర్ కూలర్‌ను కూడా చూడండి. నిలువుగా ఉండే టవర్ కూలర్ అయితే, దాని ఫ్యాన్ ముందు వైపు ఉండి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మె) పొరల గుండా వెనక ఫ్యాన్ వైపుకు గాలి తోయాలి. తిరగేసి బిగించి ఉంటే, అది వెనక ఫ్యాన్‌తో పోట్లాడుతూ ఉంటుంది. మదర్‌బోర్డు మీదికి వాలి ఊదే పొట్టి కూలర్ అయితే దాని జోలికి పోనక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డుకు రెండో మూడో ఫ్యాన్లు బయటికి కనిపిస్తుంటే, అది తన వేడినంతా క్యాబినెట్ లోపలికే వదిలే రకం. మీ కార్డు అదే అయి ఉంటుంది, లేకపోతే తలుపు తీయగానే ఇంత తేడా వచ్చేది కాదు. ఇలాంటి కార్డుకు ముందున్న అడుగు ఫ్యాన్, నడిమి ఫ్యాన్ ప్రాణాధారాలు. వాటికి, కార్డుకు మధ్య వైర్ల కట్టలు అడ్డంగా ఉంటే పక్కకు తీసి మదర్‌బోర్డు వెనక్కి నెట్టండి. నీటితో చల్లబరిచే రేడియేటర్ గురించి మీరు అడగలేదు. ఎప్పుడైనా తీసుకుంటే, గేమ్స్ ఎక్కువగా ఆడేవారు దాన్ని పైన పెట్టుకుని బయటికి తోయించడం మేలు. ముందు పెడితే ప్రాసెసర్ వేడిని కార్డు మీదికి ఊదినట్టవుతుంది.

కొత్త అమరికలో ముందు మూడు లోపలికి, రెండు బయటికి. దీనివల్ల లోపలి ఒత్తిడి బయటికంటే రవ్వంత ఎక్కువగా ఉండి, సందుల్లో నుంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. కాకపోతే ఫ్యాన్లు లెక్కపెట్టి ఒత్తిడి తేల్చలేం. ఫిల్టర్ మూసుకుపోయిన మూడు ఫ్యాన్ల కంటే, ఏ అడ్డూ లేని రెండు ఫ్యాన్లు ఎక్కువ గాలిని జరిపేయగలవు. అందుకే అన్నీ బిగించాక అదే కాగితం ముక్కను వెనక స్లాట్ల చిల్లుల దగ్గర పట్టుకోండి. బయటికి కదిలితే సరే. లోపలికి అతుక్కుంటే వెనక, పై ఫ్యాన్ల వేగాన్ని కొద్దిగా తగ్గించండి. ముందు ఫిల్టర్‌ను నెలకోసారి తీసి దులపండి. నీటితో కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి. ఫ్యాన్ల మీద బ్లోయర్‌తో గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అవి మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

వేగం విషయంలో చాలామంది రెండు కొసల్లో ఉంటారు, అన్నీ పూర్తి వేగం లేదా అన్నీ నిశ్శబ్దం. వేగాన్ని సగం చేస్తే గాలి కూడా సగమవుతుంది, కానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అది చెవికి చాలా పెద్ద తేడా. అదే సమయంలో ఫ్యాన్ తోసే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఫిల్టర్ వెనకున్న ముందు ఫ్యాన్లను మరీ నెమ్మదిగా నడపకూడదు. ఇంకో చిక్కు ఏమిటంటే, మదర్‌బోర్డు బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగలిగే మూల సెట్టింగుల్లో) క్యాబినెట్ ఫ్యాన్లు సాధారణంగా ప్రాసెసర్ ఉష్ణోగ్రతను బట్టి తిరుగుతాయి. గేమ్ ఆడేటప్పుడు వేడెక్కేది ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ తాపీగా ఉంటే ముందు ఫ్యాన్లకు కార్డు కష్టం తెలియదు. కార్డు ఉష్ణోగ్రతను బట్టి ఫ్యాన్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకోండి, లేదా బయోస్‌లోనే ముందు ఫ్యాన్ల కనీస వేగాన్ని పెంచండి. ఫ్యాన్ వేగం ఊరికే పెరిగి తగ్గుతూ విసిగిస్తుంటే, స్పందించే సమయాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేసే అమరిక బయోస్‌లోనే దొరుకుతుంది. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ తగిలించే ఒకే పిన్ను నుంచి స్ప్లిట్టర్‌తో (ఒక వైరును చీల్చి ఇచ్చే కేబుల్‌తో) మూడు ఫ్యాన్లు నడుపుతుంటే, ఆ పిన్ను ఎంత కరెంటు ఇవ్వగలదో మదర్‌బోర్డు పుస్తకంలో చూడండి. చాలా బోర్డుల్లో అది ఒక ఆంపియర్.

పని మొదలుపెట్టే ముందు కంప్యూటర్ ఆపి, వెనక స్విచ్ కూడా ఆర్పి, కేబుల్ పీకేయండి. మార్చాక కొలవడం కూడా పద్ధతిగా చేయండి. గది ఉష్ణోగ్రత రాసుకోండి. అదే గేమ్, అదే సన్నివేశం, అరగంట ఆడి, తలుపు మూసి ఒకసారి, తీసి ఒకసారి కార్డు ఉష్ణోగ్రత రాసుకోండి. మధ్యాహ్నం కొలిచినదాన్ని, అర్ధరాత్రి కొలిచినదాన్ని పోల్చితే అర్థం లేదు, గది నాలుగు డిగ్రీలు చల్లబడితే కార్డు కూడా దాదాపు అంతే చల్లబడుతుంది. మీ 84 డిగ్రీలు కార్డుకు వెంటనే ప్రమాదం చేసే సంఖ్య కాదు. అయితే అనేక తరాల ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల దగ్గరే తమ వేగాన్ని తగ్గించుకోవడం మొదలుపెడతాయి. కాబట్టి మీ కార్డు వాటిలోదైతే మీరు డబ్బు పెట్టి కొన్న పనితనంలో కొంత ఇప్పుడు మీకు అందడం లేదు.

తలుపు మూసినప్పటికి, తీసినప్పటికి తేడా రెండు మూడు డిగ్రీలకు వస్తే క్యాబినెట్ సంగతి అయిపోయినట్టే. ఇంకా ఆరేడు డిగ్రీలు ఉంటే ముందు పలకను అనుమానించండి. అద్దమో, చిల్లుల్లేని ప్లాస్టిక్కో అయి, పక్కన సన్నని చీలిక మాత్రమే ఉంటే, మూడు ఫ్యాన్లు ఉన్నా ముక్కు మూసుకుని ఊపిరి పీల్చినట్టే ఉంటుంది. ఆ పలక ఊడదీసి ఒక్క అరగంట నడిపి చూడండి. ఉష్ణోగ్రత దిగితే అదే క్యాబినెట్‌కు జాలీ పలక దొరుకుతుందేమో కనుక్కోండి. తలుపు తీసినా మూసినా ఒకే సంఖ్య వచ్చి, ఆ సంఖ్య 80 పైనే ఉంటే మాత్రం ఇక క్యాబినెట్ ఫ్యాన్ల జోలికి వెళ్లకండి. కార్డు హీట్‌సింక్‌లో ఇరుక్కున్న దుమ్ము తీయించండి. కార్డు పాతదైతే చిప్‌కు, హీట్‌సింక్‌కు మధ్య పూసే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి.